కిరణచికిత్సయు, పొరుగు అవయవముల రక్షణయు

కాఫీపండ్లు కోయు దినములలో అరకునుండి విశాఖపట్టణమునకు చికిత్సకై దిగవలసిన రైతు మొదట అడుగునది "ఎన్నాళ్లు?" అని, పిమ్మట, "మూత్రము, విరేచనము చెడునట, నిజమేనా?" అని. ప్రోస్టేటు గ్రంథి క్యాన్సరునకు కిరణచికిత్స పొందబోవు పెద్దలకు ఈ రెండు ప్రశ్నలును ముడిపడియున్నవి గనుక వీనిని గూర్చి వ్రాయుచున్నాము.

ఈ గ్రంథి పురుషులకు మూత్రాశయము క్రిందను, పురీషనాళమునకు ముందును ఉండును. మడికి పెట్టిన నీరు గట్టు దాటి ప్రక్క మడిని తడిపినట్లు, గ్రంథికై విడిచిన కిరణములు ఈ పొరుగు అవయవములను గూడ తాకును. మంట, మాటిమాటికి మూత్రము, విరేచనములు, ఒక్కొక్కరికి నెత్తురుపడుట అందువలననే. గ్రంథి కొంచెము కదలుచుండును గనుక వైద్యులు దానిచుట్టు కొంత అంచు కలుపుకొని కిరణములు ప్రసరింపజేయుదురు. అంచు తగ్గినచో బాధ తగ్గును. లాస్ ఏంజెలిసులో 156 మందిపై జరిగిన పరీక్ష ఫలితములు 2023లో వెలువడినవి. 4 మిల్లీమీటర్ల అంచు ఉంచినవారిలో నూటికి 43 మందికి తొలి మూడు మాసములలో గట్టి మూత్రబాధ కలిగెను. అయస్కాంత చిత్రముల సాయమున 2 మిల్లీమీటర్లకు తగ్గించినవారిలో 24 మందికే.

అట్టి యంత్రము అన్నిచోట్ల దొరకదు. కాని రోగి చేతిలో నున్నదియు తక్కువ కాదు. ప్రతిదినము మలవిసర్జన చేసి, వైద్యుడు చెప్పిన కొలత నీరు త్రాగి, చెప్పిన సమయము ఆగి బల్లమీద పండుకొనవలెను. నిండిన మూత్రాశయము ప్రేగులను పైకి నెట్టును; ఖాళీ పురీషనాళము గ్రంథిని కదలనీయదు. మన కొండలలో పండు రాజ్మా మంచి ఆహారమే గాని, కడుపుబ్బరము చేయును గనుక ఆ దినములలో మానుట మేలు.

అయిదుమారులతో ముగియు చికిత్స గలదని విని కొందరు సంతసింతురు. బ్రిటను మొదలగు దేశములలో 874 మందిపై జరిగిన పరీక్ష 2024లో ప్రకటితమైనది. వ్యాధి అంతగా ముదరనివారిలో అది దీర్ఘచికిత్సకు తీసిపోలేదు. అయిన నయిదేండ్లలో మూత్రబాధ నూటికి 27 మందికి, దీర్ఘచికిత్సలో 18 మందికి కనబడెను. ప్రయాణములు తగ్గును, బాధ కొంత హెచ్చవచ్చును. ఏది తగునో వైద్యునితో కూర్చుండి తేల్చుకొనవలెను.

మంటకు భయపడి నడుమ మానివేయుటయే మాకు మిక్కిలి వెరపు. బాధలలో పెక్కు చికిత్స ముగిసిన కొలదివారములకు తగ్గును. మూత్రధార సులభమగుటకు మాత్రలు గలవు. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రికి, లేదా మరియొక చోటికి పోవు సభ్యులు అంచు ఎంత, మారులు ఎన్ని, నీరు ఎంత అని మొదటి దినముననే అడిగి వ్రాసికొని రావలెను.