పసి కంపెనీలు - ఆదాయపు పన్ను

క్రొత్తగాఁ బుట్టిన చిన్న కంపెనీకి తనఖా పెట్టుటకు ఆస్తి యుండదు గనుక బ్యాంకులు అప్పొసఁగుటకు జంకును. ఇఁక దానికి దిక్కు బంధుమిత్రులును, సాహసికులగు కొందఱు ధనికులును. వీరి సొమ్ము వచ్చినఁ జాల వచ్చును, పోయిన మొత్తము పోవును. వీరికి ప్రభుత్వము తోడ్పడవలెనా, వలదా?

బ్రిటిష్ ప్రభుత్వమువారు 1994లో నొక పథకమును, 2012లో నంతకంటె నుదారమగు వేఱొకదానిని బెట్టిరి. రెండవదాని ప్రకారము, వ్యాపారమునకు దిగి 3 సంవత్సరములు నిండక, 25 మందికంటెఁ దక్కువ పనివారును, మూఁడున్నర లక్షల పౌనులకు మించని ఆస్తియుఁ గల కంపెనీలో క్రొత్త వాటాలు కొనువానికి, పెట్టిన సొమ్ములో సగము అతని ఆదాయపు పన్నులోఁ దగ్గింతురు. వాటాలను 3 సంవత్సరములు నిలుపుకొని యమ్మినచో లాభముపైఁ బన్ను లేదు. నష్టము వచ్చినచో దానికిని కొంత ఊఱట కలదు. భార్యాబిడ్డలతోఁ గూడ నూటికి 30కి మించి వాటాలు గలవాఁడు మాత్ర మనర్హుఁడు. తన సొమ్మును తన పెట్టెలోనే వేసికొని దొరతనముచేత సగ మిప్పించుకొను నేర్పరులను శాసనకర్తలు ముందే కనిపెట్టిరి!

అదే 2012లో మనవారు చేసిన దేమి? 1961 ఆదాయపు పన్ను చట్టమునందలి 56వ సెక్షనున నొక విధిని జేర్చిరి. ప్రైవేటు కంపెనీ తన వాటాను న్యాయమైన మార్కెట్టు విలువకు మించి యమ్మినచో, ఆ మించిన సొమ్ము కంపెనీ ఆదాయమఁట! నల్లధనము నరికట్టుట ఉద్దేశము, ఉద్దేశము మంచిదే. కాని సరకే యింకను తయారుకాని కంపెనీకి న్యాయమైన విలువ యెవరు కట్టఁగలరు? కొనువాఁడు రేపటి యాశను గొనును. అధికారి నేఁటి లెక్కల పుస్తకమును జూచును. 100 రూపాయల కమ్మిన వాటాకు 40 రూపాయలే తగునని అతఁడు తీర్మానించెనా, యంత్రములకై తెచ్చిన మూలధనములో 60 రూపాయలు ఆదాయమై కూర్చుండును. 2019లో గుర్తింపు పొందిన నూతన సంస్థలకు షరతులు సడలించిరి. 2023లో విదేశీయుల పెట్టుబడులకును విధిని వ్యాపింపఁజేసిరి. తుదకు 2024 బడ్జెటులో రద్దుచేసిరి.

ముల్లు తీసిరి గాని మందు వేయలేదు. గుర్తింపు పొంది అర్హపత్రము గూడ సంపాదించిన సంస్థ తొలి 10 సంవత్సరములలో వరుసగా 3 సంవత్సరముల లాభముపైఁ బన్ను మినహాయింపు కోరవచ్చును. లాభమే లేని తొలి దినములలో దానివలన నేమి ఫలము? సొంతయిల్లు అమ్మిన లాభమును ఇట్టి కంపెనీలోఁ బెట్టువాని కుండిన సదుపాయము సయితము 2022 మార్చి 31తో ముగిసెను.

పేదవాఁడును కట్టు పన్నులతో ధనికుని సాహసమునకు భీమా యేల యని కొంద ఱడుగుదురు. న్యాయమైన ప్రశ్నమే. బ్రిటనునందు ఆ సగము తగ్గింపునకు ఒకని పెట్టుబడి యేటికి 2 లక్షల పౌనులవఱకే లెక్కకు వచ్చుట అందులకే. మనవా రంతకంటెఁ జిన్న పరిమితితో ఐదేండ్ల కొక పథకమును బెట్టి, ఎంత పన్ను వదలుకొనిరో, ఎన్ని కంపెనీలు నిలిచెనో యేటేట పార్లమెంటు ముందుంచవలెను.