మీకు తెలుసా? సముద్రాలు దాటే భాషా పాఠాలు!

పరాయి భాష పట్టుబడాలంటే విమానం ఎక్కనక్కర్లేదు! గుణదలలో ఇంట్లో కూర్చునే కాలిఫోర్నియా పిల్లలతో కబుర్లాడొచ్చు. వేసవిలో ఇక్కడ పొద్దున 7 గంటలైతే, అక్కడ ముందురోజు సాయంత్రం ఆరున్నర! మన బడి గంట ఇంకా మోగలేదు. వాళ్ళ బడి అప్పటికే వదిలేశారు. ఇద్దరికీ తీరికే!

ఇదేదో నిన్నమొన్నటి వింత అనుకుంటున్నారా? కానే కాదు! అమెరికా, సోవియట్ యూనియన్ ఉప్పూ నిప్పూలా ఉన్న కాలం. అయినా న్యూయార్క్ రాష్ట్రంలోని బడులూ, మాస్కో బడులూ కంప్యూటర్ల మీద చేతులు కలిపాయి! ఎప్పుడో తెలుసా? 1988లో! ఆ స్నేహమే ఈనాడు ‘ఐ-ఎర్న్’గా ఎన్నో దేశాల బడులను కలుపుతోంది.

ఐరోపాలో అయితే బడికి బడి జంట! ఒక దేశం తరగతి, మరో దేశం తరగతితో కలిసి ఆన్‌లైన్‌లో ప్రాజెక్టులు చేస్తుంది. దాని పేరు ‘ఈ-ట్విన్నింగ్’. 2005 నుంచీ నడుస్తోంది. వేరే భాష వాళ్ళతో కలిసి పనిచేయాలంటే మాట్లాడక తప్పదు కదా! అదే అసలు కిటుకు!

మన హైదరాబాద్ పిల్లల ఘనత వింటారా! ప్రొఫెసర్ సుగతా మిత్రా బృందం వాళ్ళకో కంప్యూటర్ ఇచ్చింది. మనం పలికింది అది టైపు చేస్తుంది. పలుకు తేడాగా ఉందా, అంతా తప్పుల తడకే! ఇక పిల్లలు పట్టుబట్టారు. పెద్దగా ఎవరి సాయమూ లేకుండా, ఒకరినొకరు దిద్దుకుంటూ ఇంగ్లీషు ఉచ్చారణ మెరుగుపరుచుకున్నారు! ఆ ఫలితాలు 2003లో అచ్చయ్యాయి.

ఆ మిత్రా గారే మరోసారి మన దేశపు పిల్లలను అడిగారు, స్కైప్‌తో ఏం చేయాలని ఉందని. ఆటలా? సినిమాలా? ఊహూఁ! బ్రిటన్ బామ్మల చేత కథలు చెప్పించుకోవాలట! అందుకు తలా కొంచెం వేసుకుని వారానికి 1 పౌండు ఇచ్చుకుంటామన్నారట!

పౌండు అక్కర్లేకపోయింది! ఈ కబురు బ్రిటన్ పత్రికలో రాగానే ఉచితంగా కథలు చెబుతామంటూ ఎందరో ముందుకొచ్చారు! 2009లో అలా పుట్టిందే ‘గ్రానీ క్లౌడ్’. అందరూ బామ్మలే కారు, మాస్టార్లూ ఉన్నారు! వాళ్ళతో మొదట మాట కలిపిన వాళ్ళలో హైదరాబాద్ పిల్లలున్నారు!

ఆ ఆలోచన విలువెంతో ఊహించండి! 10 లక్షల డాలర్లు! 2013లో మిత్రా గారికి టెడ్ సంస్థ ఇచ్చిన బహుమతి అది. దాంతో ఆన్‌లైన్ బామ్మలతో మాట్లాడే బడి గదులు వెలిశాయి!

ఇంగ్లీషు ఇటు రావడమే కాదు, తెలుగు అటు దూసుకెళ్తోంది! 2010 నుంచి 2017 లోపు అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్ళు 86 శాతం పెరిగారు! అక్కడి పెద్ద భాషల్లో ఏదీ ఇంత జోరుగా పెరగలేదు!

మరి అక్కడి పిల్లలకు ఓనమాలు దిద్దించేదెవరు? సిలికానాంధ్ర అనే సంస్థ నడిపే ‘మనబడి’! 2007లో మొదలైంది. అమెరికాలో చదువుకున్న పిల్లలకు మన తెలుగు విశ్వవిద్యాలయం పరీక్షలు పెట్టింది! 

తెలుగు నేర్చుకునేవాళ్ళకు నిఘంటువూ కావాలిగా! మచిలీపట్నంలో కొలువు చేసిన బ్రౌన్ దొర గుర్తున్నాడా? ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852 నాటిది! దాని సవరించిన కూర్పు ఇప్పుడెక్కడుంది? అమెరికాలో, షికాగో విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో! మాట టైపు చేయండి, అర్థం ప్రత్యక్షం! పైసా ఖర్చు లేదు!

మీరు ఇక్కడ ‘అమ్మ’ అని టైపు చేస్తే అమెరికాలోని మిల్పిటాస్‌లో ఉన్న మనవడి ఫోన్‌లోనూ ‘అమ్మ’ అనే కనబడుతుంది. అది కంప్యూటర్లన్నిటికీ ఒకే అక్షర సంకేతాలిచ్చే యూనికోడ్ చలవ! అందులో మన లిపికి 128 గళ్ళు కేటాయించారు. వరల్డ్ వైడ్ వెబ్ పసిగుడ్డుగా ఉన్నప్పుడే తెలుగుకు యూనికోడ్‌లో చోటు దొరికింది!

గుణదలకూ ఫ్రాన్స్‌లోని లూర్దుకూ ఉన్న చుట్టరికం మీరెరిగిందే. ఫిబ్రవరి 11న రెండు ఊళ్ళలోనూ మేరీమాత పండుగే! ఆ రోజు ఇక్కడ మధ్యాహ్నం రెండయితే అక్కడ పొద్దున తొమ్మిదిన్నర. ఇక్కడి బడీ అక్కడి బడీ తెర మీద కలిస్తే? మన పిల్లలకు ఫ్రెంచి పలుకు, వాళ్ళకు తెలుగు పలుకు! మాస్టారూ, టీచరమ్మా, ఒక్క ఈమెయిల్‌తో మొదలుపెట్టొచ్చు!

చివరిగా అన్నిటికన్నా తేలికైన కిటుకు! ‘టాండెమ్’ పద్ధతి అంటారు. 30 నిమిషాలు మీ భాష, మరో అరగంట అవతలి వాళ్ళ భాష. గురువూ మీరే, శిష్యుడూ మీరే! ఫీజు సున్నా! డాలస్‌లోనో లండన్‌లోనో మీ అన్నయ్య పిల్లలున్నారా? ఈ ఆదివారమే ఫోన్ కలపండి. మీ పిల్లలు ఇంగ్లీషు నేర్చుకుంటారు, వాళ్ళు తెలుగు నేర్చుకుంటారు!