మగ్గపు గదిలో పలుకు కంబము

ధర్మవరమున మగ్గమున్న యింట ఒకరి మాట మరియొకరికి వినబడుట యంత సులభము కాదు. జకార్డు పెట్టె మీద అట్టలు తిరుగుచు, నాడె యిటునుండి యటు పోవుచు, పన్నె వచ్చి పేకను కొట్టుచు నుండగా, నేల బండలును, గోడలును, పైకప్పును ఆ చప్పుడు నొకదాని కొకటి అందించుకొని మరల మన చెవులకే తెచ్చిపెట్టును. అట్టి గదిలో పాట పెట్టదలచినవారందరును చేయు పని యొక్కటే: ధ్వని పెంచుట. పెంచినకొలది స్పీకరు ప్రక్క నున్నవాని చెవులు గింగురుమనును. గది కొసనున్నవానికి రొదయే కాని మాట దక్కదు. మా అక్కగారింట ఈ యవస్థను ఏండ్లతరబడి చూచినవాడను గనుక, ఆమె కుమారుడు స్వహస్తములతో నిర్మించిన స్పీకరు కంబము తొలిసారి మ్రోగిన సాయంకాలమును గూర్చి చెప్పవలెనని నాకు తోచినది.

అది నాలుగడుగులకు మించి కొంచెము ఎత్తును, జానెడైన లేని వెడల్పును గల చెక్కపెట్టె. దాని ముఖమున పైనుండి క్రిందివరకు 3 అంగుళముల స్పీకర్లు 16, నడుమ సందు లేకుండ ఒకదాని క్రింద నొకటి బిగింపబడియున్నవి. సాంకేతికులు దీనిని లైన్ అరే అందురు. లేపాక్షి నాట్యమండపమున తుంబురుని, నందిని, రంభను కంబములయందు నిలిపిన శిల్పులు దీనిని చూచినచో, ఇందు శిల్ప మేమియు లేదని పెదవి విరిచినను, కంబమే పలుకుటకు మాత్రము సంతోషించియుందురు.

ఒంటి స్పీకరునుండి వెడలిన ధ్వని అన్ని దిక్కులకును గోళమువలె వ్యాపించును. కావున దూరము రెట్టింపైన ప్రతిమారును దాని తీవ్రత 6 డెసిబెల్లులు తగ్గును. 1 మీటరు దూరమున విన్నదానికంటె 4 మీటర్ల దూరమున 12 డెసిబెల్లులు తక్కువ. పొడవైన వరుసనుండి వెడలిన ధ్వని యట్లు కాక, దాని చేరువలో స్తంభాకారముగా విస్తరించును గనుక, రెట్టింపు దూరమునకు సుమారు 3 డెసిబెల్లులే తగ్గును. దగ్గరివానిని బాధింపకయే దూరపువానిని చేరుటకు మూల మిదియే. ఎదుట కూర్చుండినవానికి 16 స్పీకర్ల పలుకును ఇంచుమించు ఒకేసారి చేరి ఒకదాని కొకటి బలమగును. పైకప్పు వైపు పోవు ధ్వనియందు మాత్రము ఒకటి ముందుగను ఒకటి వెనుకగను చేరుటచేత, ఒకదాని యెత్తు మరియొకదాని పల్లమును పూడ్చి, బలము క్షీణించును. పైకప్పును కొట్టి మరలివచ్చు ధ్వని తగ్గినంత మేర మాట తేటపడును.

ఇది యన్ని స్వరములకును సమానముగా జరుగదు. 100 హెర్ట్‌జ్‌ల స్వరపు తరంగము 3.4 మీటర్ల పొడవుండును. దానికి నాలుగడుగుల వరుస యొక లెక్క కాదు. అందుచేత మృదంగపు ఎడమవైపు గంభీరనాదమునకు వేరుగా నొక బేసు పెట్టె తప్పదు. సుమారు 4,500 హెర్ట్‌జ్‌లను దాటినచో తరంగము స్పీకర్ల నడిమి దూరముకంటె పొట్టిదై, ధ్వని పాయలుగా చీలును. స్పీకర్లు చిన్నవిగాను దగ్గరగాను ఉండవలెననుట ఇందువలననే.

ఈ విద్య క్రొత్తది కాదు. హ్యారీ ఓల్సన్ 1940లో ప్రకటించిన ధ్వనిశాస్త్ర గ్రంథమునాటికే దీని గణితము తెలిసియున్నది. 1980లో మెకింతోష్ సంస్థవారు ఎక్స్‌ఆర్‌టీ20 అను స్పీకరుతో దీనిని ఇండ్లలోనికి తెచ్చిరి. 1992లో ఫ్రాన్సు దేశీయుడైన క్రిస్టియన్ హైల్ వీ-డాస్క్ పేర మహాసభలకు తగినట్లు మలచెను. నేడు పెద్ద సభలయందు వేదిక కిరువైపుల వ్రేలాడు వంపు వరుసలు ఆ వంశమువే. కాని నా మనస్సునకు హత్తుకొనునది ఇంటికి తగిన పొట్టి వరుసయే.

ఏలయన మన యింట అందరును కుర్చీలలో కూర్చుండరు. మగ్గపు గుంతలో కాళ్లుంచి నేత నేయు మా బావగారి చెవి నేలకు రెండున్నర అడుగులే యెత్తు. అక్క నిలుచుండియే వంట చేయును. పిల్లలు చాప మీద పవళింతురు. బల్లపై పెట్టిన చిన్న వరుస వీరిలో ఒకరికి దక్కి మరియొకరికి తప్పును. ఈ కంబము నేలమీదనే నిలుచును. నున్నని బండలు అద్దమువలె దాని ప్రతిబింబమును కల్పించుటచేత, ధ్వనికి వరుస రెట్టింపు పొడవైనట్లే యగును. అదివరకు శత్రువైన నేల యిట్లు మిత్రమైనది.

మొదట వైరు కలిపి మ్రోగించినప్పుడు గొంతు డొల్లగా వినవచ్చెను. నాలుగేసి స్పీకర్లను ఒకదాని వెంట నొకటి కలిపి, అట్టి నాలుగు జట్లను ప్రక్కప్రక్కన చేర్చినచో, 8 ఓముల స్పీకర్లు 16 కలిసియు మరల 8 ఓములే యగును. ఆంప్లిఫయరునకు భారము పెరుగదు. “మామా, యాడో ఒక జట్టు తిరగబడినట్లుండాది” అనుచు మేనల్లుడు వైర్లు విప్పి, టార్చిలైటు సెల్లును జట్టుజట్టునకు తాకించెను. మూడు జట్లయందు కాగితపు శంకువులు వెలుపలికి కదలెను. ఒకదానియందు లోనికి ముడుచుకొనెను. నాలుగు స్పీకర్లు ఎదురు పలికినచో, వానితోపాటు మరి నాల్గింటి శ్రమయు వ్యర్థమై, పదునారింటిలో ఎనిమిదింటి బలమే మిగులును. వైర్లు మార్చి కలిపినాడు.

పిమ్మట, పెనుగొండ కోట నీడలో పెరిగి బాల్యముననే పెనుగొండలక్ష్మిని రచించిన పుట్టపర్తి నారాయణాచార్యులవారి శివతాండవమును ఎవరో చదివిన ధ్వనిముద్రణమును పెట్టెను. ఆ కావ్యమున తాళము అక్షరములయందే యున్నది. ఒక్క ద్విత్వము చెవి జారినను అడుగు తప్పును. ఆనాడు ఒక్కటియు జారలేదు. వంటింటినుండి అక్క గరిటె చేతబట్టుకొనియే వచ్చి, “ఇంత మెల్లగా పెట్టినా ఆడికి మాటమాటా వినబడతాండాది రా” అనెను. మగ్గ మాడునప్పుడు ఈ కంబమైనను దాని చప్పుడును మాన్పజాలదు. అయినను బావగారు నాడె చేతబట్టి కొంతసేపు నేసి చూచి, “పెంచొద్దులే, అర్థమవుతాండాది” అనిరి. శకారములయందు కొంత కరకుదనము మిగిలియున్నది. దానికొరకు ప్రక్కన మరియొక సన్నని ట్వీటర్ల వరుస చేర్చుటకై మేనల్లుడు మరునాడుదయమే పెన్సిలుతో చెక్కమీద గీతలు గీయుచుండెను.