పెద్దల చేతిలో ఆట యిటుకలు

గత సంక్రాంతికి మేము నర్సీపట్నమున ఒక మిత్రుని యింట అతిథులమైతిమి. ఆయన వయస్సు నలువది దాటినది. ముందుగదిలో ఇల్లాలు బొమ్మల కొలువు తీర్చినది. పేరంటాండ్రు వచ్చి మెచ్చుకొనిపోవుచుండిరి. వెనుకగదిలో మిత్రుడు తలుపు దగ్గరగా వేసికొని, రంగురంగుల ప్లాస్టిక్ యిటుకలతో ఒక వంతెన కట్టుచుండెను. మేము లోనికి పోగానే దానిపై తువ్వాలు కప్పి, “పిల్లవాని వస్తువులు” అని నవ్వెను. ఆ సిగ్గు అవసరమా అని శ్రోతలతో కలిసి విచారింపదలచినాము.

ఈ యిటుకల పుట్టుక ఒక వడ్రంగి యింటిలో జరిగినది. డెన్మార్కు దేశమున బిలుండ్ అను గ్రామమందు ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అను నాతడు 1932లో కొయ్యబొమ్మలు చేయ నారంభించెను. ‘బాగుగా ఆడుము’ అను అర్థము గల డేనిష్ మాటలనుండి ‘లెగో’ అను పేరు వచ్చినది. నేటి యిటుక రూపమునకు 1958 జనవరి 28న పేటెంటు కోరిరి. పైన బొడిపెలు, లోపల గొట్టములు ఉండును. పై యిటుక గొట్టములు క్రింది బొడిపెలను బిగువుగా పట్టుకొనును. చేతితో లాగిన విడిపోవును. 1958 నాటి యిటుకకు నేటి యిటుక చక్కగా అతుకును.

ఆకారము ఒక్కటే అయినను, దానినుండి పుట్టు రూపములకు మితి లేదు. ఎనిమిది బొడిపెల యిటుకలు, ఒకే రంగువి, రెండు తీసికొన్నచో 24 విధములుగా అతుకవచ్చును. మూడైనచో 1,060 విధములు. ఆరైనచో 91 కోట్ల 51 లక్షల 3 వేల 765 విధములు! ఇక పెద్దలకు ఇందులో పనిలేదనుట ఎట్లు? 2008లో వెలువడిన తాజమహలు నమూనాలో 5,922 ముక్కలు గలవు. 2020 నుండి పదునెనిమిదేండ్లు దాటినవారికని గుర్తు వేసిన పెట్టెలే ప్రత్యేకముగా వచ్చుచున్నవి.

నర్సీపట్నమువారికి బొమ్మల పని క్రొత్తది కాదు. సమీపమున వరాహనది ఒడ్డున ఏటికొప్పాక యున్నది. అచ్చట అంకుడుకొయ్యను తరిమెన పట్టి, తిరుగుచున్న కొయ్యకు లక్కబద్దను ఒత్తుదురు. రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టును. మొగలిఆకుతో మెరుగు పెట్టుదురు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. సహజవర్ణములతో ఆ కళను నిలిపిన శ్రీ సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ పురస్కారము వచ్చినది. బొమ్మను చేయువారు పెద్దలే. కొలువు తీర్చువారును పెద్దలే. వారిని చూచి ఎవరును నవ్వరు.

అయితే ఒక భేదము కలదు. లక్కబొమ్మ పనివాని చేతిలోనే పూర్తియగును. యిటుక కొన్నవాని చేతిలో పూర్తికావలెను. తప్పినచో విప్పి మరల కట్టవచ్చును. మా యెదుటనే మిత్రుని వంతెన నడిమికి విరిగినది. ఆయన విసుగుకొనక పరిశీలించి, సందుపై సందు వచ్చినట్లు పేర్చుటయే లోపమని కనుగొనెను. మన తాపీపనివారు గోడలో సందులు తప్పించి పేర్చుట అందులకే. రెండవ మారు ఒక్కొక్క వరుసను సగము జరిపి పేర్చగా వంతెన నిలిచినది. కార్యాలయమున చేసిన తప్పు కాగితములపై ఏండ్ల తరబడి నిలుచును. ఇచ్చట తప్పు చేసినను నష్టము లేదు; తప్పునకు కారణము మాత్రము తెలియును. పగలంతయు ఇతరుల పనిలో అలసిన మనస్సుకు ఇది గొప్ప విశ్రాంతి.

జాగ్రత్తలు లేకపోలేదు. ఖరీదైన పెట్టెలకై ఇంటి ఖర్చు తగ్గించుట తగదు. సాదా యిటుకలతో ప్రారంభించుటయే మేలు. చిన్న ముక్కలు పసిబిడ్డల నోటికి అందనీయరాదు. పిల్లల యిటుకలు తీసికొన్నప్పుడు వారిని దూరముగా నెట్టక, ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలెను.

మేము బయలుదేరునప్పుడు ఇల్లాలు ఆ వంతెనను తెచ్చి, కొలువులో ఏటికొప్పాక యెడ్లబండి ముందు ఉంచినది. మిత్రుడు ఈ మారు తువ్వాలు కప్పలేదు. తలుపు వేసికొని ఆడువారెవరైన ఈ ప్రసంగము వినుచున్నచో, వారికి మేము చెప్పునది ఇంతియే: తలుపు తెరువుడు.