విమానం రేకు మీద వెంట్రుకంత పగులు

ఇంటర్ అయిన పిల్లలకి ఏ కోర్సు అని ఎవరినడిగినా 'కంప్యూటర్సే' అంటారు. పిల్ల విమానాల చదువు చదువుతానంటే 'అదెందుకే, ఉద్యోగం ఎక్కడొస్తుంది?' అని మనమే ముందు అడ్డుపడతాం. అలా అనేముందు అట్లూరి సత్యనాథం గారి సంగతి తెలుసుకోండి.

ఆయన 1945లో గుడివాడలో పుట్టారు. ఇంజనీరింగ్ చదివింది ఎక్కడో కాదు, మనం యానాం వంతెన దాటి వెళ్ళే కాకినాడలో, ప్రభుత్వ కళాశాలలోనే! ఆపైన బెంగుళూరులో, అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి 1969లో డాక్టరేట్ తీసుకున్నారు. జార్జియా టెక్‌లో ఏళ్ళ తరబడి, తరవాత కాలిఫోర్నియా, టెక్సాస్ విశ్వవిద్యాలయాల్లో ప్రొఫెసర్‌గా పనిచేశారు.

ఇంతకీ ఆయన చేసిందేమిటంటారా? విమానం పైకెళ్ళినప్పుడల్లా లోపలి గాలి ఒత్తిడికి దాని ఒళ్ళు కాస్త ఉబ్బుతుంది, దిగాక సర్దుకుంటుంది. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి తెగుతుంది కదా! అలాగే వేలసార్లు ఎగిరిన విమానానికి రివెట్ల దగ్గర వెంట్రుకంత పగుళ్ళు వస్తాయి. 1988లో హవాయి దీవుల్లో అలోహా ఎయిర్‌లైన్స్ విమానానికి గాలిలో ఉండగానే పైకప్పు ఊడిపోయింది. అది 19 ఏళ్ళ పాతది, దాదాపు 90 వేలసార్లు ఎగిరింది. సముద్రపు గాలికి పట్టిన తుప్పు కూడా తోడైంది. పైలట్లు ఎలాగో దింపి 94 మందిని బతికించారు గాని, ఒక ఎయిర్‌హోస్టెస్ ప్రాణం పోయింది.

ఆ తరవాత అమెరికాలో పాత విమానాల మీద పరిశోధనలు పెరిగాయి. ఏ పగులు ఎంత పెరుగుతుంది, అతుకు వేస్తే ఎంతకాలం ఆగుతుంది అని లెక్కకట్టిన వారిలో అట్లూరి గారి బృందం ఒకటి. మామూలుగా ఈ లెక్క కోసం కంప్యూటర్లో వస్తువును వలలా చిన్నచిన్న గళ్ళుగా విడగొడతారు. పగులు పెరిగితే వల మళ్ళీ అల్లుకోవాలి. వల అక్కర్లేకుండా చుక్కలతోనే లెక్క తేల్చే పద్ధతిని 1998లో ఆయన మరో పరిశోధకుడితో కలిసి చూపించారు. గీతలు కలపకుండానే ముగ్గు పోల్చుకోవడం లాంటిదన్నమాట! 2013లో మన ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. 2023లో కన్నుమూశారు.

మీ అమ్మాయి ఎం.పి.సి. చదువుతోందా? కొన్ని ఐ.ఐ.టి.లలోనూ, తిరువనంతపురంలోని ఐ.ఐ.ఎస్.టి.లోనూ ఈ కోర్సు ఉంది. జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ రాయాలి. సీటు రాలేదని దిగులొద్దు. మెకానికల్ చదివి, గేట్ రాసి, పైచదువులో ఇటు రావచ్చు. ఖర్చు, దూరం తప్పకుండా ఆలోచించండి. 'మనలాంటి వాళ్ళకెందుకు' అన్న మాట మాత్రం పిల్ల దగ్గర అనకండి.