బాన్సువాడ చెరువులు: విహారానికీ సేద్యానికీ మధ్య నీటిమట్టం

మంజీర నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కారణంగా బాన్సువాడ పేరు చెప్పగానే కాలువలు, వరి గుర్తుకు వస్తాయి. ఈ ప్రాంతపు చెరువులకు లభించిన గుర్తింపు తక్కువే. పట్టణంలోని కల్కి చెరువు మినీ ట్యాంక్‌బండ్‌గా రూపుదిద్దుకున్న తరువాత ఆ పరిస్థితి కొంత మారింది. ప్రజలు చెరువు గట్టుకు చేరడం ఆహ్వానించదగినదే. నిత్యం చూసే చెరువును ఆక్రమించడం అంత సులభం కాదు. అయితే కట్టపై దీపాల వెలుగు చెరువు ఆరోగ్యానికి కొలమానం కాజాలదు.

చెరువుకు ప్రాణాధారం కట్ట కాదు, వాగునీటిని చేర్చే కాలువ. ఏడాదిలో అధిక కాలం ఎండి ఉండటం వలన ఈ కాలువే మొదట ప్లాట్లలో కలిసిపోతుంది. ఆ తరువాతి వంతు శిఖం భూమిది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు పూర్తి నీటిమట్టపు సరిహద్దు నుండి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు నిర్మాణాలు లేకుండా విడవాలని భవన నిర్మాణ నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. నడకదారిని ఈ సరిహద్దుకు లోపల మట్టి పోసి నిర్మిస్తే, సుందరీకరణ సైతం ఒక విధమైన ఆక్రమణే అవుతుంది.

పట్టణపు మురుగునీరు, వరి పొలాల నుండి వచ్చే నత్రజని, భాస్వరం కలిసినచోట గుర్రపుడెక్క వేగంగా విస్తరిస్తుంది. అది కుళ్ళినప్పుడు నీటిలో కరిగిన ప్రాణవాయువు తగ్గుతుంది. రాత్రివేళ కిరణజన్య సంయోగక్రియ ఉండదు గనుక తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. మురుగును ఆపకుండా డెక్కను మాత్రమే తొలగిస్తే, అది తిరిగి అల్లుకుంటుంది.

2015 మార్చిలో సదాశివనగర్ చెరువు వద్ద ప్రారంభమైన మిషన్ కాకతీయ పూడికమట్టిని పొలాలకు చేర్చింది. తేమను నిలుపుకోలేని చల్క నేలలకు ఈ మట్టి మేలు చేస్తుంది. నల్లరేగడికి అంత అవసరం లేదు. మురుగు చేరిన పట్టణ చెరువుల మట్టిని మాత్రం భార లోహాల పరీక్ష జరిపిన తరువాతే పొలాలకు సిఫారసు చేయాలి. పూడికతీతలో అంచులను నిటారుగా తవ్వితే పక్షులు మేసే, చేపపిల్లలు పెరిగే లోతులేని నీటి భాగం నశిస్తుంది. గట్టున తిరిగే పిల్లలకూ ప్రమాదమే.

అసలు చిక్కు యాసంగిలో ఎదురవుతుంది. రైతు తూము తెరవాలంటాడు, మత్స్యకారుడు చేపలకు సరిపడా నీరు మిగలాలంటాడు, విహారానికి వచ్చినవారు నిండు చెరువును కోరుతారు. ఆయకట్టు రైతులు, మత్స్య సహకార సంఘం, పురపాలక సంఘం నాట్లకు ముందే సమావేశమై, తూము మూసివేయవలసిన కనీస మట్టాన్ని నిర్ణయించుకొని, దానిని తూము వద్ద గీతగా గుర్తించాలి. ఆ గీతకు పైనున్న నీరు ఎన్ని ఎకరాల వరికి, ఎన్ని ఎకరాల ఆరుతడి పంటకు సరిపోతుందో లెక్కకట్టి చెప్పడం విస్తరణ శాస్త్రవేత్త చేయవలసిన పని.