కొండమీది యింటికి వరద బీమా యేల?

గతమాసమున మా సంఘ కార్యాలయమునకు ఒక వృద్ధ సభ్యుడు వచ్చి, విత్తనముల మాట ముగిసిన పిమ్మట, మడిచిన కాగితము నొకదానిని జేబులోనుండి తీసి మా యెదుట నుంచెను. వారి కుమారుడు అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రమందలి షార్లట్ నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. ఆ రాష్ట్రపు పడమటి కొండలలో, బన్‌కూంబ్ కౌంటీ యందు, ఒక యిల్లు కొనుటకు బేరమాడుచున్నాడట. కౌంటీ యనగా మన జిల్లావంటిది. ఆ యిల్లు ప్రభుత్వమువారి వరదపటములోని ప్రమాదరేఖకు వెలుపల నున్నది. అప్పిచ్చు బ్యాంకు వరద బీమా కావలెనని అడుగలేదు. అయినను కోడలు బీమా తీసికొనక తప్పదనుచున్నది.

"డిమాన్‌స్ట్రేటరు గారూ, రెండువేల అడుగుల యెత్తున నున్న యింటికి వరద యెక్కడనుండి వచ్చునండీ? వరద మన లంకలవారికి గదా! ఏటేటా ఆ డబ్బు ఏట కలుపుటయేనా?" అని ఆయన ప్రశ్న.

కోడలి మాటయే సరియని మేము చెప్పితిమి. ఆయనకు తృప్తి కలుగలేదు. మన సభ్యులలో అనేకుల బిడ్డలు ఆ దేశమున నుండుటచేత, ఆనాడు చెప్పిన దానికంటె వివరముగ ఇచ్చట వ్రాయుచున్నాము.

ఏటవాలు పొలములలో అడ్డుగట్లు వేయించిన వారికి నీటి స్వభావము వేరుగ చెప్పనక్కరలేదు. పల్లపు చేనిలో పడిన అంగుళము వాన అంగుళముగనే నిలుచును. కొండవాలున పడినది నిలువదు. మన్నును వెంటబెట్టుకొని పరుగెత్తి, పది వాలుల నీటితో కూడి, సన్నని లోయలో జొచ్చును. గోదావరి పొంగుటకు దినములు పట్టును గనుక మనకు మూటలు కట్టుకొను వ్యవధి యుండును. కొండవాగు పొంగుటకు గంటలు చాలును. అదియునుగాక సముద్రపు తేమగాలి కొండకు తగిలి పైకెక్కి చల్లబడుటచేత, మైదానముకంటె కొండమీదనే వాన హెచ్చుగ కురియును.

2024 సెప్టెంబరులో ఆ కొండలలో జరిగినది ఇదియే. హెలీన్ అను తుపాను 26వ తేదీ రాత్రి ఫ్లారిడా తీరమును దాటి, మరునాటి యుదయమునకు కొన్ని వందల మైళ్ళ దూరముననున్న ఆ కొండలను చేరెను. తుపాను రాకమునుపే రెండు దినములుగ వాన కురిసి నేల నానియుండెను. నానిన నేల మరియొక చుక్కను త్రాగదు. యాన్సీ కౌంటీలోని బ్యూసిక్ అను చోట ఆ కొలది దినములలో 30 అంగుళములు దాటి వర్షము కొలిచిరి. బన్‌కూంబ్ కౌంటీకి ముఖ్యపట్టణమైన ఆష్‌విల్ కడ ఫ్రెంచ్ బ్రాడ్ నది 24 అడుగుల 8 అంగుళముల మట్టమునకు లేచెను. ఆ రాష్ట్రమున నూరుగురికి మించి ప్రాణములు కోల్పోయిరి. ఆ పర్వతపంక్తిలో విరిగిపడిన కొండచరియలు రెండువేలకు పైబడినవి.

ఇట్టిది మునుపెన్నడు నెరుగమని పలువురనిరి. కాని 1916 జూలైలో అదే నది అదే పట్టణమున 23 అడుగులు దాటి ప్రవహించెను. అప్పుడును వారము దినముల ముందు ఒక తుపాను నేలను నానబెట్టగా, రెండవ తుపాను వచ్చి ముంచినది. 2004 సెప్టెంబరులో మరల వరద వచ్చినది. తాతలు చూచినదానిని మనుమలు మరచుట అమెరికాకు మాత్రమే చెల్లిన విషయము కాదు.

అంతటి చరిత్ర గల బన్‌కూంబ్ కౌంటీలో, 2024 నాటికి వరద బీమాగల యిండ్లు నూటికి ఒకటి చొప్పుననైనను లేవు! దీనికి పటము కొంత కారణము. ఏ సంవత్సరమందైనను నూటికి ఒకవంతు మునుగు అవకాశముగల భూమిని పటములో ప్రమాదప్రదేశముగ గుర్తింతురు. అందులోని యింటిపై అప్పిచ్చు బ్యాంకు వరద బీమాను కోరితీరవలెనని 1973 నాటి చట్టము. రేఖకు ఆవల నున్నవారిని ఎవరు నడుగరు. అడుగలేదు గనుక భయము లేదని వారు తలంచిరి. ఆ నూటికి ఒకవంతును కూడ జనులు తప్పుగ గ్రహింతురు. నూరేండ్ల కొకసారి యని దాని భావము కాదు. ముప్పది యేండ్ల అప్పు తీరులోపల అట్టి వరద ఒక్కసారియైన వచ్చుటకు నూటికి 26 పాళ్ళు అవకాశము కలదు. ఇక గీత గీయబడని చిన్న వాగులు, వాలులు పటమునకు అందనే అందవు.

దూరపు దేశమేల? అదే 2024 సెప్టెంబరు మొదటి దినములలో విజయవాడలో కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు మించి బ్యారేజీని దాటుచుండగా, సింగునగరు ప్రాంతమును ముంచినది మైలవరపు కొండలనుండి వచ్చు బుడమేరు వాగు. అందరి చూపు నదిమీద నుండగా వాగు వెనుకనుండి వచ్చినది.

ఇక బీమా మాట. అమెరికాలో సామాన్య గృహబీమా అగ్నికి, గాలికి పనికివచ్చునే కాని వరదకు పనికిరాదు. దానికొరకు 1968లో ప్రభుత్వమే వేరొక పథకమును నెలకొల్పినది. ఇంటికి రెండున్నర లక్షల డాలర్లు, సామానునకు లక్ష డాలర్లు మించకుండ ఇత్తురు. ఈ రెంటిని వేర్వేరుగ కొనవలెను. పాలసీ తీసికొన్న 30 దినములకు గాని అది అమలులోనికి రాదు. మబ్బు చూచి బీమా కొనుటకు వీలులేదన్నమాట. అయితే ఇంటి అప్పుతో కూడ తీసికొన్నచో ఆ గడువు లేదు. పెద్దాయన కుమారునకు అప్పు కాగితములు వ్రాయు దినమే అన్నివిధముల అనుకూలమైనది.

ఆ పాలసీలో కొండప్రాంతమువారు తప్పక చదువవలసిన పుట యొకటి కలదు. బురదగా పారివచ్చిన ప్రవాహమునకు పరిహారమిత్తురు. కొండచరియ విరిగి యింటిపై పడినచో ఇయ్యరు. ఈ రెంటికి భేదము కాగితముమీద స్పష్టమే. అర్ధరాత్రి గోడ కూలినవానికి అంత స్పష్టము గాదు. ఇంటి చుట్టునున్న నూయి, కంచె, మరుగుదొడ్డి తొట్టి ఆ పాలసీలో చేరవు. నేలమాళిగలోని సామానునకు దొరకునది మిక్కిలి స్వల్పము. కావున చరియల భయమున్నచో దానికి వేరుగ బీమా దొరకునా యని విచారింపవలెను.

బీమా లేనివారికి ప్రభుత్వము సాయము చేయదా యని పెద్దాయన అడిగెను. చేయును. హెలీన్ బాధితులకు కేంద్రప్రభుత్వము ఇంటి బాగుకొరకు ఇచ్చు సాయమునకు గరిష్ఠపరిమితి 42,500 డాలర్లు. దానితో కప్పు వేయించుకొనవచ్చును, ఇల్లు కట్టుకొనలేరు.

సహకార సభ్యులకు తెలిసిన విషయమే మరియొకటి యున్నది. చెరువు క్రింది రైతులే చందా వేసికొని, మెట్టరైతులు దూరముగ నున్నచో ఆ నిధి నిలుచునా? ఆ దేశపు వరదనిధికిని అదే గతి పట్టినది. పెద్ద తుపానుల పిమ్మట ఖజానావద్ద అప్పులు చేయగా, 2017లో 1600 కోట్ల డాలర్ల అప్పును వారి శాసనసభ కొట్టివేసెను. 2021 అక్టోబరు నుండి రేఖను మాత్రమే చూడక, ఇంటికి నీటికి గల దూరము, ఇల్లు మరల కట్టుటకగు వ్యయము మొదలగువానినిబట్టి ప్రీమియము కట్టుచున్నారు. ఈ పద్ధతి న్యాయమే. కాని ప్రీమియము పెరిగినచో పేదవాడు ముందుగ విడిచిపోవునను సందేహము మాకు తీరలేదు.

పెద్దాయన కుమారునకు మేము పంపిన సలహా చిన్నది. ఇంటికి సమీపముననున్న వాగు మట్టమునకు గడప ఎన్ని అడుగుల యెత్తున నున్నదో కొలువుమనియు, ఇంటివెనుక వాలునందు చెట్లు వంగియున్నవేమో చూడుమనియు, బీమా ధరను వ్రాతమూలముగ తెప్పించుకొనుమనియు తెలిపితిమి. 2024 జూలై నుండి ఆ రాష్ట్రమున ఇల్లు అమ్మువారి ప్రకటనపత్రములో పూర్వము వరద వచ్చినదా, బీమా సొమ్ము పొందిరా యను ప్రశ్నలు చేర్చబడినవి. ఆ పత్రమును ముందుగ చదువుమంటిమి.

పిమ్మట, "మరి తమ యింటికి బీమా ఉన్నదా?" యని ఆయనను అడిగితిమి. పంటకు ఉన్నదనెను. పంటబీమా ఇంటికి చెల్లదు గదా! ఆయన ఇల్లు మా గ్రామపు గుట్ట క్రింద, వాగునకు పదిబారల దూరమున నున్నది. 2021 ఏప్రిల్ నుండి మన దేశమున అమ్మబడుచున్న భారత్ గృహరక్ష పాలసీలో అగ్నితోపాటు వరదయు, కొండచరియయు చేరియున్నవి. అమెరికాలో వేర్వేరుగ వెదకవలసినవి ఇచ్చట ఒక కాగితములోనే దొరకును. ఇంటి మొత్తములో నూటికి 20 వంతులు, పదిలక్షల రూపాయలకు మించకుండ, సామానునకు వేరుగ అడుగకయే వర్తించును. దరఖాస్తులో ఇంటి లోపలి వైశాల్యము చదరపు మీటర్లలో వ్రాయవలెను.

తమ యింటి కొలత ఆయనకు తెలియదు. మరునాడు టేపు తీసికొని పోయి మేమే కొలిచి యిచ్చితిమి. కుమారుని యొద్దనుండి వాగు కొలత ఇంకను రావలసియున్నది.